మా చలికి మా కొలత

కార్తీకం దాటిందంటే పేపర్లలో మా చలి ఫొటోలు పడతాయి. లంబసింగిలో ఇన్ని డిగ్రీలు, చింతపల్లిలో ఇన్ని, మినుములూరులో ఇన్ని అని అంకెలు వేస్తారు. పక్కన మబ్బుల ముందు నిలబడి సెల్ఫీ దిగుతున్న జంట. ‘ఆంధ్రా కాశ్మీర్’ అని శీర్షిక. ఆ లంబసింగికే కొర్రబయలు అని పాత పేరు ఒకటి ఉంది. రాత్రి బయట ఉండిపోయినవాడు తెల్లారేసరికి కొర్రులా బిగుసుకుపోతాడని దానికి అర్థం చెబుతారు. చూసిపోవడానికి వచ్చేవాళ్ళు పెట్టిన పేరు ఒకటి, అక్కడే పుట్టి పెరిగేవాళ్ళు పెట్టుకున్న పేరు ఒకటి.

తెల్లవారుజామున నాలుగింటికే కార్లు కొండెక్కుతాయి. దిగేవాళ్ళకు కొత్త జాకెట్లు, గ్లవ్సులు, మంకీ క్యాపులు. వాళ్ళకు టీ కాచి ఇచ్చే మనిషికి తలకు తువ్వాలు, ఒంటికి పలచని చొక్కా. మేము ఆ తువ్వాలు వైపు మనుషులం.

ఆ చలిలోనే మేము స్వెట్టర్లు అల్లుతున్నాం. మొదలుపెట్టి ఆరు చలికాలాలు అయింది. ఊలు పని అంటే తీరిక ఉన్న పట్నం ఆడవాళ్ళ పని అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. “మీకెందుకే ఇదంతా, సంతలో కొనుక్కోరాదా” అని మా మగవాళ్ళే అంటారు. వాళ్ళకు చెప్పినట్టూ ఉంటుంది, మాకు మేము లెక్క చూసుకున్నట్టూ ఉంటుందని ఇది రాస్తున్నాం.

మేము అంటే ఆరుగురం. అందరం గదబలమే. అరకు, హుకుంపేట మధ్య కొండవాలులో మా ఊరు. ఇద్దరం అంగన్‌వాడీ పనిలో ఉన్నాం, మిగతావాళ్ళం కాఫీ తోటల్లో, చోడి చేలల్లో. మాకు సూది పట్టడం నేర్పింది ఒక నర్సమ్మ, కేరళ మనిషి. రాత్రి డ్యూటీలో నిద్ర ఆపుకోవడానికి ఆవిడ టోపీలు అల్లేది. కాన్పు అయిన బిడ్డకు పొద్దున్నే ఒక టోపీ పెట్టేసేది. అప్పుడే పుట్టిన బిడ్డకు ఒంటితో పోలిస్తే తల పెద్దది, వేడి అటునుంచి ఎక్కువ పోతుంది, బరువు తక్కువగా పుట్టిన బిడ్డకు చలి అంటే జబ్బు కిందే లెక్క అని ఆవిడే చెప్పింది. డిసెంబరులో కాన్పు అంటే మాకు తెలుసు. రోడ్డు లేని ఊరినుంచి డోలీలో మోసుకొచ్చిన తల్లి, అదే దారిన మళ్ళీ కొండెక్కి వెళ్ళేటప్పుడు బిడ్డ తలమీద ఉండేది చీర చెంగు ఒక్కటే. ఆ చెంగు మంచుకు తడుస్తుంది. టోపీకి 30 గ్రాముల ఊలు చాలు. రెండు రాత్రుల పని. అలా టోపీలతో మొదలుపెట్టాం. బిడ్డలు పెరిగారు, టోపీలు చాలవని స్వెట్టర్లకు వచ్చాం.

టోపీ అల్లినంత సులువుగా స్వెట్టరు రాదు. 

ముందు సూదులు. నర్సమ్మ ఇచ్చినవి అల్యూమినియం సూదులు, రెండు జతలు. ఆరుగురికి చాలవు కదా. గొడుగు పుల్లలు, సైకిల్ చక్రం పుల్లలు సానబెట్టి చూశాం. అవి మరీ సన్నం, కుట్టు పిసినారి కుట్టు పడుతుంది. అప్పుడు పెద్దప్ప నవ్వి, “వెదురు అడివిలో ఇంత ఉంటే గొడుగులు ఇరగదీస్తారేటే” అంది. బుట్టలు అల్లేవాళ్ళ ఇంట పుట్టిన మనిషి ఆవిడ. ముదురు వెదురు చీల్చి, కత్తితో గుండ్రం చేసి, గరుకు కాగితంతో రుద్ది, వలిసె నూనె పట్టించి ఎండలో పెట్టింది. కొలత కోసం నర్సమ్మ 10 నంబరు సూదిని అట్టముక్కకు గుచ్చి, ఆ కన్నంలో వెదురు సూది వదులు కాకుండా, ఇరుకు కాకుండా దూరే దాకా గీసింది. సూదుల నంబర్లు తిరకాసుగా ఉంటాయి. నంబరు పెరిగితే సూది సన్నబడుతుంది. 8 లావు, 12 సన్నం. వెదురు సూదికి ఇంకో సుఖం ఉంది. చలికాలం పొద్దున అల్యూమినియం సూది ముట్టుకుంటే వేళ్ళు కొరికినట్టు ఉంటుంది. వెదురు అలా చల్లబడదు.

తర్వాత కుట్టు. ఇంగ్లీషులో నిట్, పర్ల్ అంటారు. మేము సూటి కుట్టు, తిరుగు కుట్టు అనుకున్నాం. ఉన్నవి ఈ రెండే. ఎంత పువ్వులు తీసిన స్వెట్టరైనా ఈ రెండు కుట్లనే అటూ ఇటూ మార్చి వేసిందే. అడుగున సాగే పట్టీ కావాలంటే ఒకటి సూటి, ఒకటి తిరుగు. నేర్చుకోవడానికి ఒక పూట చాలు. విసుగు వచ్చేది లెక్క దగ్గర.

ఎనిమిదేళ్ళ పిల్లకు స్వెట్టరు అనుకోండి. ముందు పలక 80 కుట్లు వెడల్పు, 112 వరసలు ఎత్తు. వెనక పలకా అంతే. చెయ్యి ఒక్కోటి సగటున 50 కుట్లు, 90 వరసలు. మెడ దగ్గర తగ్గించినవి తీసేసినా 26 వేల కుట్లు వస్తాయి. మా చేతులు నిమిషానికి 20 కుట్లు వేస్తాయి. అంటే 22 గంటలు. ఆ 22 గంటలు మాకు ఎవరూ ఒక్కసారిగా ఇవ్వరు. చలికాలం అంటేనే కాఫీ పళ్ళు కోసే కాలం. పొద్దున్నే మంచులో తడిసిన కొమ్మలు వంచి కోయాలి, సాయంత్రానికి మోసుకురావాలి, వండాలి, పిల్లలకు పెట్టాలి. అప్పుడు మిగిలేది నెగడు దగ్గర అరగంట. రోజుకు అరగంట చొప్పున ఒక స్వెట్టరుకు 44 రాత్రులు. దీపావళికి మొదలుపెడితే, మధ్యలో కరెంటు పోని రాత్రులూ, పిల్లకు జ్వరం రాని రాత్రులూ లెక్కేసుకుంటే, సంక్రాంతికి ఒంటిమీదకు వస్తుంది. సంక్రాంతి వెళ్ళాక చలి తగ్గుముఖం. కాబట్టి ఈ ఏటి చలికి స్వెట్టరు కావాలంటే నిరుడే కుట్లు ఎక్కించాలి. పిల్ల మాత్రం నిరుటి కొలతలో ఉండదు.

అందుకని పని పంచుకున్నాం. ఒకరు ముందు పలక, ఒకరు వెనక పలక, ఇద్దరు చేతులు. నాలుగు వారాల్లో అయిపోతుందనుకున్నాం. అయిపోయింది కూడా. నాలుగు ముక్కలూ తెచ్చి చాపమీద పరిస్తే నాలుగూ నాలుగు ఊళ్ళవిలా ఉన్నాయి. అవే కుట్లు, అవే వరసలు, అదే ఊలు, అదే సూది. ఒక చెయ్యి ఇంకో చేతికంటే మూడు వేళ్ళు పొడుగు. దారం లాగే పట్టు మనిషి మనిషికీ వేరు. మాలో చిన్నది మాట్లాడుతూ అల్లుతుంది, దాని కుట్లు వదులు. అంగన్‌వాడీ అక్క లెక్క తప్పుతుందేమోనని ఊపిరి బిగబట్టి అల్లుతుంది, ఆవిడ కుట్లలో సూది దూరదు. ఒకే మనిషి అల్లినా రోజు రోజుకూ మారుతుంది. ఇంట్లో మొగుడు తాగొచ్చి గొడవ చేసిన రాత్రి అల్లిన వరసలు పలక మధ్యలో బిగుతుగా పట్టీలా కనబడతాయి. ఏ వరస ఏ రాత్రిదో మాకు తెలుస్తుంది, పైకి అనుకోం.

ఇప్పుడు పద్ధతి మార్చాం. ఎవరి స్వెట్టరు వాళ్ళదే, మొదటినుంచి చివరిదాకా ఒకే చెయ్యి. మొదలుపెట్టే ముందు జానెడు ముక్క అల్లి, బెత్తెడు వెడల్పులో ఎన్ని కుట్లు వస్తున్నాయో చూసి, ఆ లెక్కన కుట్లు ఎక్కిస్తాం. వదులు చేతివాళ్ళకు 11 నంబరు సూది, బిగుతు చేతివాళ్ళకు 9. ఆ ముక్క అల్లడానికి ఒక రాత్రి పోతుంది. ప్రతిసారీ ఆ రాత్రి దండగ అనిపిస్తుంది.

ఊలు సంగతి వేరే కథ. మా సంతల్లో ఊలు ఉండలు దొరికేవి కావు. విశాఖ వెళ్ళే బస్సులో ఎవరు వెళ్తున్నా చీటీ రాసి ఇచ్చేవాళ్ళం. ఊలు ఉండకు చుట్టిన కాగితం మీద రంగు నంబరు ఒకటి, లాట్ నంబరు ఒకటి ఉంటాయి. రంగు నంబరు ఒకటే అయినా లాట్ మారితే రంగు మారుతుంది. అద్దకపు తొట్టె మారింది కాబట్టి. దుకాణంలో దీపం కింద రెండూ ఒకటే. ఎండలో పిల్లకు తొడిగితే చంక కిందనుంచి ఇంకో స్వెట్టరు మొదలైనట్టు ఉంటుంది. “అదే నంబరండి, చూసుకోండి” అని దుకాణంవాడు కాగితం చూపిస్తాడు. మూడు వందల గ్రాములకు నాలుగు వందలు కొనమంటాడు, మిగిలితే వెనక్కి తీసుకోడు. మిగిలిన ఉండలతోనే చారల స్వెట్టర్లు పుట్టాయి. మా ఊళ్ళో సగం మంది పిల్లలు చారలతో తిరుగుతుంటారు. అది మా డిజైను అనుకుంటారు కొత్తవాళ్ళు.

పైగా చలికి మా చేతులు పగిలి ఉంటాయి. కాఫీ కోసిన వేళ్ళు ఇంకా గరుకు. ఊలు ఆ పగుళ్ళకు పట్టుకుంటుంది. కుట్టు కుట్టుకూ వేలు చిక్కుకుంటుంది. ఆముదం రాసుకుంటే చిక్కదు, లేతరంగు ఊలు మీద మరక పడుతుంది. అందుకే తెల్ల ఊలు పని చలి తగ్గాక చేస్తాం. పట్నంలో వేసవిలో ఎవరు ఊలు ముట్టుకుంటారు? మేము మాఘమాసంలో, ఎండ పొడలో కూర్చుని పాప టోపీలు అల్లుతాం.

అన్నిటికంటే మమ్మల్ని ఏడిపించింది నెగడు. దుకాణాల్లో చవకగా దొరికే ఊలు ఊలు కాదు, ఆక్రిలిక్. మెత్తగా ఉంటుంది, రంగు దిగదు, గుచ్చుకోదు, ఉతికినా ముడుచుకోదు. కరెంటు హీటరు ఉన్న ఇంటికి అది మంచిదే. మా పిల్లలు పొద్దున లేవగానే నెగడు చుట్టూ కూర్చుంటారు. వెదురు కణుపు టప్పున పేలుతుంది, నిప్పురవ్వ ఎగురుతుంది. ఆక్రిలిక్ మీద పడితే కరిగి, నల్లటి అంచుతో గట్టి కన్నం పడుతుంది. ఎక్కువ అంటుకుంటే కరిగింది ఒంటికి అతుక్కుంటుంది. 44 రాత్రుల స్వెట్టరుకు ఒక్క పొద్దులో ఆరు కన్నాలు. ఆ కన్నాలకంటే లోపల ఉన్న పిల్ల గురించి భయం. అసలు ఊలు, గొర్రె ఊలు, రవ్వ పడితే అక్కడికక్కడ మాడి ఆరిపోతుంది, కరగదు. కానీ అసలు ఊలు ధర మాకు అందదు. 

దారి సంతలోనే దొరికింది. మా సంతకు పాత బట్టల మూటలు వస్తాయి. ఎక్కడెక్కడివో, విదేశాలవి కూడా. అలాంటి పాత ఊలు బట్టలు ఓడల్లో వచ్చి పానిపట్టు చేరతాయని, అక్కడ వాటిని చీల్చి, మళ్ళీ వడికి కంబళ్ళు నేస్తారని తర్వాత తెలిసింది. దానాల్లో ఇచ్చే కరుకు కంబళ్ళు చాలావరకు ఆ సరుకే. చీల్చకుండా మిగిలిన స్వెట్టర్లు మూటల్లో మా దాకా వస్తాయి. మోచేతి దగ్గర చిరిగినదో, చిన్న పురుగు కన్నం పడినదో అయితే చాలా చవక. మేము వాటిని తొడుక్కోవడానికి కొనం. విప్పడానికి కొంటాం.

ఎంచుకోవడానికి ఒక పద్ధతి ఉంది. అంచునుంచి ఒక పోగు లాగి నిప్పు అంటించి చూడాలి. వెంట్రుక కాలిన వాసన వచ్చి, వేళ్ళతో నలిపితే బూడిద రాలితే అది ఊలు. కరిగి పూసలా గట్టిపడితే ఆక్రిలిక్. సంతలో ముసలమ్మలు మమ్మల్ని చూసి, “ఈ గుంటలు అగ్గిపెట్టి పట్టుకొని బేరానికొస్తారే” అంటారు. తర్వాత పక్క కుట్టు చూడాలి. లోపలి అంచు గొలుసులా ఉంటే విప్పవచ్చు. గుడ్డ కత్తిరించి మిషను మీద చుట్టుకుట్టు వేసినదైతే ప్రతి వరసా ఆ అంచు దగ్గర తెగి ఉంటుంది, విప్పితే మూరెడు మూరెడు ముక్కలే. సరైనది దొరికితే మెడ దగ్గర ఒక్క ముడి తీసి లాగితే చాలు, ఒక్కో పలక పొడుగాటి దారంగా దిగివస్తుంది. ఒకరు లాగుతారు, ఒకరు మోకాళ్ళకు చుడతారు. గంటలో ఒక మనిషి ఆకారం పోయి లచ్చి మిగులుతుంది. దారం ఇంకా వంకర్లు తిరిగి ఉంటుంది, పాత కుట్ల గుర్తు. గోరువెచ్చని నీళ్ళలో కుంకుడు రసంతో ముంచి, దండేనికి వేసి, అడుగున నీళ్ళ సీసా వేలాడదీస్తే ఆరేసరికి తిన్నగా అవుతుంది. వేడినీళ్ళు పోస్తే మాత్రం అసలు ఊలు ముద్దకట్టి దేనికీ పనికిరాదు.

ఈ విప్పడంలో ఉన్న సుఖం ఇంకే గుడ్డలోనూ లేదు. నేసిన గుడ్డ చిరిగితే పీలిక. అల్లినది విప్పితే మళ్ళీ దారం. పిల్ల పెరిగితే పెద్దది అల్లవచ్చు. అన్నది తమ్ముడికి దిగుతుంది, తమ్ముడిది చెల్లెలికి. ఒక బూడిదరంగు ఊలు మా ఊళ్ళో నాలుగోసారి స్వెట్టరైంది. మొదట అది ఏ దేశంలో ఎవరి ఒంటిమీద ఉందో మరి.

చేతులు కూడా పైనుంచి కిందకు అల్లడం నేర్చుకున్నాం. భుజం దగ్గర కుట్లు ఎక్కించి మణికట్టు దాకా దిగడం. అలా అల్లితే ఏడాది తర్వాత మణికట్టు దగ్గర పట్టీ విప్పి, ఉన్న కుట్లకే మళ్ళీ సూది ఎక్కించి రెండు వేళ్ళు పొడిగించవచ్చు. కిందనుంచి పైకి అల్లిన చేతిని అంత సులువుగా పెంచలేం. పుస్తకాల్లో ఉండే నమూనాలు ఎక్కువగా కిందనుంచి పైకే. ఏటేటా కొత్తది కొనగలిగినవాళ్ళకు వాటితో ఇబ్బంది ఉండకపోవచ్చు.

కొలత మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాం. మా వైపు చలికాలం దానాలు వస్తాయి. మంచి మనసుతోనే తెస్తారు, కాదనం. ఒక ఏడు ఒక సంస్థవాళ్ళు వ్యానులో వచ్చి బడిపిల్లలందరికీ ఒకే కొలత స్వెట్టర్లు పంచారు. ఆరేళ్ళవాడికి మోకాళ్ళ దాకా, పదో తరగతి పిల్లకు గుండెల మీద బిగదన్నుకుని. ఆ పిల్ల దాన్ని తొడుక్కోలేదు. చలికి వణుకుతూనే కూర్చుంది. “ఇచ్చినా వేసుకోరు వీళ్ళు” అని వచ్చినవాళ్ళలో ఒకాయన అన్నాడు. వేసుకుని ఫొటోకు నిలబడమంటే ఎదిగిన పిల్ల ఎలా నిలబడుతుంది? ఆ మాట అన్న మనిషిని ఏమీ అనలేదు మేము. ఆ సాయంత్రం ఆ పిల్లను గోడకు ఆనించి నిలబెట్టి జానలతో కొలిచాం. ఛాతీ ఇన్ని జానలు, చంక కింద ఇన్ని వేళ్ళు వదులు, చెయ్యి మణికట్టు దాటి అరచేయి సగం దాకా. అరచేయి దాకా ఎందుకంటే, హాస్టల్లో తెల్లవారుజామున పంపు దగ్గర వరసలో నిలబడేటప్పుడు వేళ్ళు లోపలికి లాక్కోవడానికి. ఆ సంగతి ఆ పిల్లే చెప్పింది. అడిగితే కదా చెప్పేది.

మా తల్లుల తల్లులకు ఈ కొలత సంగతి బాగా తెలుసు. గదబ ఆడవాళ్ళు తమ గుడ్డ తామే నేసుకునేవాళ్ళు. కెరాంగ్ అంటారు. చెట్టు బెరడు నార తీసి, వడికి, రంగు వేసి, నేలమీద కాళ్ళు చాపి కూర్చుని చిన్న మగ్గం మీద నేసేవాళ్ళు. ఎరుపు, నీలం, తెలుపు చారలు. ఎడ్గార్ థర్‌స్టన్ అనే దొర 1909లో దక్షిణ భారతదేశపు కులాల, తెగల గురించి ఏడు సంపుటాలు అచ్చు వేస్తే అందులో మా నార గుడ్డ గురించి కూడా రాశాడు. ఒడిశా వైపు, కోరాపుట్ కొండల్లో ఆ నేత పేరు ఇంకా వినబడుతుంది. మా ఊళ్ళో మగ్గం చూసినవాళ్ళు లేరు. మాలో ఒకరి అమ్మమ్మకు మాత్రం వాళ్ళమ్మ నేయడం చూసిన గుర్తు ఉంది. నేత రాని పిల్లను పెళ్ళికి ఎదిగిందని ఒప్పుకునేవాళ్ళు కాదట. ఒక గుడ్డకు వారాలు పట్టేదట. మిల్లు చీర వచ్చింది, నార తీసే కష్టం తప్పింది, మానేశారు. ఆ మానేసినందుకు మేము కన్నీళ్ళు పెట్టుకోం. నార గుడ్డ చలికి ఆగదు, తడిస్తే బరువు. సంప్రదాయం పోయిందని బాధపడే పట్నం పెద్దలను ఒక చలికాలం దాన్ని కట్టుకుని ఉండమనాలి.

అయినా ఆ చారలు మా చిన్నదాని బుర్రలో దూరాయి. మిగిలిన ఉండల్లో ఎరుపు, నీలం, తెలుపు ఏరి ఒక స్వెట్టరు అడుగు పట్టీకి వేసింది. అమ్మమ్మకు చూపించింది. ఆవిడకు చూపు సరిగ్గా ఆనదు. వేళ్ళతో పట్టీ తడిమి, సాగదీసి, వదిలి, మళ్ళీ సాగదీసింది. నార గుడ్డ సాగదు కదా, అది ఆవిడకు వింతగా ఉంది. “రబ్బరు ఏసినావేటే?” అంది. రబ్బరు కాదు, సూటి కుట్టు, తిరుగు కుట్టు అని చెప్పాం. “నాకొకటి” అంది. చారల గురించి ఒక్క మాట లేదు. చేతుల్లేకుండా, ముందువైపు గుండీలతో అల్లి ఇచ్చాం, తలమీదనుంచి తొడుక్కోలేదు కాబట్టి. దాన్ని ఎండాకాలంలో కూడా విప్పదు.

ఆ చారల స్వెట్టరును చూసే అరకులో ఒక హోటలు మనిషి మమ్మల్ని పట్టుకున్నాడు. “ట్రైబల్ డిజైను కదా, డిసెంబరుకు ముప్ఫై కావాలి” అన్నాడు. చలిని చూడ్డానికి వచ్చేవాళ్ళకు అమ్ముతాడట. ధర అడిగితే మిల్లు స్వెట్టరు ధర చెప్పాడు. “చేత్తో అల్లేదే కదా, మీకు ఖర్చేముంది?” అన్నాడు. మేము ఇంటికొచ్చి లెక్క వేశాం. పెద్దవాళ్ళ స్వెట్టరు పిల్లల దానికి రెట్టింపు పని. ముప్ఫై స్వెట్టర్లంటే 1,300 గంటలకు పైన. ఆరుగురికీ పంచినా, రోజుకు అరగంట చొప్పున, ఏడాది దాటిపోతుంది. మాలో ఇద్దరు ఒప్పుకుందాం అన్నారు. డబ్బు అవసరం అందరికీ ఉంది, వాళ్ళకు ఎక్కువ ఉంది. నలుగురం వద్దన్నాం. ఆ ఏడు మా పిల్లలకు ఏమీ ఉండదు, అల్లినవి కొండ చూడ్డానికి వచ్చినవాళ్ళ ఒంటిమీద దిగిపోతాయి. మూడు రాత్రులు వాదన జరిగింది. ఆ మూడు రాత్రుల కుట్లు చూడాలి మీరు, సూది దూరలేదు. ఆఖరుకు టోపీలు ఇస్తాం, స్వెట్టర్లు ఇవ్వం అని చెప్పాం. టోపీకి మా ధర మేము చెప్పాం. ఆయన పది తీసుకున్నాడు. ఆ డబ్బుతో వచ్చే ఏటికి ఊలు కొన్నాం. ఒప్పుకుందామన్న ఇద్దరిలో ఒకరు ఇంకా అలిగే ఉన్నారు, ఆ అలకలో న్యాయం లేదనీ అనలేం.

చలికాలం విశాఖలో రోడ్డు పక్కన స్వెట్టర్లు అమ్మే టిబెట్ వాళ్ళను చూస్తే మాకు ఒకటి తోస్తుంది. వాళ్ళవి మంచు కొండలు. ఊరు వదిలి వచ్చి దేశమంతా శిబిరాల్లో ఉంటున్నారు, మాకు దగ్గరగా ఒడిశా గజపతి జిల్లా చంద్రగిరిలోనూ ఉన్నారు. వాళ్ళు అమ్మేవి ఎక్కువగా లూధియానా మిల్లు సరుకు. ఒకసారి బేరం లేని మధ్యాహ్నం పూట ఒక టిబెట్ అమ్మ దుకాణం వెనక కూర్చుని తన కోసం మేజోళ్ళు అల్లుకుంటోంది, నాలుగు సూదులతో, గుండ్రంగా. మాకు ఆ పని రాదు. మాటలు కలవకపోయినా మడమ ఎలా తిప్పాలో మూడుసార్లు చేసి చూపించింది. మా సంచిలోని వెదురు సూదులు తీసి చూసి, వాసన చూసి, తన భాషలో ఏదో అని నవ్వింది. ఒక జత ఇచ్చి వచ్చాం.

అరచేయి దాకా చేతులు అడిగిన పిల్ల ఇప్పుడు పాడేరులో కాలేజీకి వెళ్తోంది. ఆ స్వెట్టరు మణికట్టు దగ్గర మూడుసార్లు పొడిగించాం. ప్రతిసారీ ఉన్న ఊలుతోనే, అందుకని ఆకుపచ్చ చేతికి అడుగున ఒక పసుపు పట్టీ, ఒక గోధుమరంగు పట్టీ, ఒక ఎరుపు పట్టీ వరసగా దిగాయి. నిరుడు దసరా సెలవులకు వచ్చినప్పుడు దాన్ని మడిచి తెచ్చి ఇచ్చేసింది. కాలేజీలో అందరివీ నల్లటి జిప్పు జాకెట్లట. తనకూ అదే కావాలట, డబ్బు దాచుకుందట. “ఏమనుకోకండి పిన్నీ” అని అందరి కాళ్ళ దగ్గరా కూర్చుంది. ఏమనుకుంటాం? ఆ రాత్రే మెడ దగ్గర ముడి తీశాం. ఒకరు లాగారు, ఒకరు మోకాళ్ళకు చుట్టారు. ఆకుపచ్చది 350 గ్రాములు తూగింది. నాలుగేళ్ళ పిల్లలకు రెండు వస్తాయి. కడిగి దండేనికి వేశాం, సీసాలు కట్టాం. పట్టీల ఊలు విడిగా ఉండలు చుట్టి పెట్టాం, టోపీలకు.